పులిహోర పొట్లాల పిల్లలు: గుంటూరు, బెజవాడ

మా రాజమండ్రి లూథరన్ గుడిలో (చర్చిలో) స్త్రీల సమాజం వాళ్ళం ఏటా క్రిస్మస్ కానుకలో కొంత పక్కన పెట్టి, వేరే ఊళ్ళలో పేదలకు సేవ చేసే యవ్వనస్తులకు పంపుతాం. ఈసారి అది గుంటూరుకీ విజయవాడకీ వెళ్ళింది. పంపడానికి ఎంతసేపు, ఫోన్‌పేలో రెండు నిమిషాలు. బుధవారం కూటంలో ఆ పిల్లల కోసం ప్రార్థన చేద్దామంటేనే చిక్కొచ్చింది. "ప్రభువా, అక్కడ పనిచేస్తున్న నీ బిడ్డలను దీవించు" అన్నాక ఇంకేం అనాలో ఎవరికీ తోచలేదు. వాళ్ళెవరో, ఏం చేస్తారో, ఎప్పుడు తింటారో తెలిస్తే కదా. "ఎవరైనా వెళ్ళి చూసి, ఒక్కొక్కళ్ళనీ అడిగి విన్నపాలు రాసుకురండి" అని సెక్రటరీ గారు తేల్చేశారు. నన్నూ మా పిన్నినీ పంపారు. పిన్నికి అరవై ఎనిమిది. మోకాళ్ళు సహకరించవు గానీ, ఎదుటివాళ్ళ కడుపులో మాట బయటికి లాగడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా.

ఫిబ్రవరి 7, శనివారం, గుంటూరు

స్టేషన్ బయట ఆటో అతనికి "లూథరన్ గుడికి పోనీ బాబూ" అంది పిన్ని. గుంటూరులో ఆ మాట అడ్రసు కింద చెల్లదు. 1842 జులైలో అమెరికా మిషనరీ హెయ్యర్ దొర ఈ ఊళ్ళో దిగినప్పటినుంచి లూథరన్లు ఇక్కడ గుళ్ళూ బళ్ళూ ఆసుపత్రులూ కడుతూనే ఉన్నారు. శంకర్ విలాస్ బ్రిడ్జి పనుల వల్ల దారి మళ్ళించారంటూ అతను మమ్మల్ని అరండల్‌పేట సందులన్నీ తిప్పి, రెండొందలు తీసుకుని, ఒక గుడి ముందు దింపి వెళ్ళిపోయాడు. లోపల పెళ్ళి.

మేం గేటు దగ్గర తటపటాయిస్తుంటే పట్టుపంచె కట్టుకున్న పెద్దాయన వచ్చి, "ఎవరి తరఫునమ్మా?" అన్నాడు. రాజమండ్రి అని చెప్పాం. "రాజమండ్రా! పెళ్ళికూతురు మేనత్త వాళ్ళదీ అటే" అని మమ్మల్ని నేరుగా బంతిలో కూర్చోబెట్టాడు. మేం వచ్చిన పని వేరనీ, పెళ్ళికి కాదనీ పిన్ని ఎంత చెప్పినా వింటేనా! "ముందు భోంచెయ్యండి, గుడి తర్వాత వెతుక్కుందురు గాని." గోంగూర మాంసం వడ్డించారు. ఆ కారానికి నా కళ్ళమ్మట నీళ్ళు. పక్కనున్నావిడ జాలిపడి రెండు గరిటెల పెరుగు వేయించింది. చేతులు కడుక్కున్నాక ఆ పెద్దాయనే కొడుకుని బండి మీద ముందు పంపి, మా ఆటోకి దారి చూపించాడు. గుంటూరు మాట కటువని అంటారు. వాళ్ళ అన్నం తినని వాళ్ళు అనే మాట అది.

మేం వెతుకుతున్న గుడి వెనక రేకుల షెడ్డులో సాయంత్రం ట్యూషను నడుస్తోంది. చాపల మీద ముప్పై మందికి పైగా పిల్లలు, ఎక్కువమంది మిర్చి యార్డులో కూలికి వెళ్ళే వాళ్ళ బిడ్డలు. కొందరి బట్టల్లోనే మిర్చి ఘాటు ఉంది, షెడ్డులోకి అడుగుపెట్టగానే మా ఇద్దరికీ తుమ్ములు. చెప్పేవాళ్ళు కాలేజీ పిల్లలు. ఒకమ్మాయి భిన్నాలు చెబుతోంది. రొట్టె బొమ్మ పక్కన పెట్టి తన చేతిలోని బిస్కెట్ ప్యాకెట్టే విప్పింది. లెక్క పూర్తయ్యేసరికి ప్యాకెట్ ఖాళీ.

వీళ్ళందరికీ పెద్ద ఒక అక్క. అందరూ అక్కా అనే పిలుస్తారు, మేమూ అదే అలవాటు చేసుకున్నాం. ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు, నైట్ డ్యూటీలు చేసుకుంటూ ఇది నడిపిస్తోంది. ఆదివారం సాయంత్రం పెద్దాసుపత్రి దగ్గర రోగుల కూడా వచ్చినవాళ్ళకి అన్నం పొట్లాలు ఇవ్వడం వీళ్ళ ఇంకో పని. ఆదివారమే ఎందుకంటే, ఆ రోజు అన్న క్యాంటీన్లు ఉండవు.

లెక్కల పుస్తకం చూపించమని నేను అడగకముందే ట్రెజరర్ తమ్ముడు తెచ్చి ముందు పెట్టాడు. నూట ఇరవై పొట్లాలకి బియ్యం పద్నాలుగు కిలోలు, నూనె రెండు లీటర్లు, చింతపండు కిలో, వేరుశనగ గుళ్ళు కిలోన్నర, నూట ఇరవై గుడ్లు, గ్యాసు, కవర్లు. ఒక్క ఆదివారానికి మూడు వేల చిల్లర. నెలకి ఒక్కొక్కళ్ళు వందో రెండొందలో వేసుకుంటారు, తగ్గింది సంఘ పెద్దలు కలుపుతారు. ఒక పేజీలో "గుడ్లు 4 పగిలినవి, మేమే తిన్నాం" అని రాసి ఉంది. ఆ వరుస చూశాక మిగతా పేజీలు తిప్పలేదు.

చీకటి పడేలోపు ఏసీ కాలేజీ (ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ) వైపు నడిచాం. 1885 నాటి కాలేజీ. పిన్నికి హెయ్యర్ దొర అంటే సొంత మనిషి లెక్క. రాజమండ్రి మిషను వేరేవాళ్ళ చేతికి పోబోతుంటే, డెబ్బై దాటిన వయసులో అమెరికా నుంచి మళ్ళీ ఓడెక్కి 1869లో వచ్చి నిలబెట్టాడాయన. తర్వాత 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చారు, ఆమె పేరుతో ఆసుపత్రే ఉంది. గోడల మీద, పలకల మీద ఇలాంటి పేర్లు చదువుతూ నడుస్తుంటే పిన్ని ఆగి అడిగింది: "ఆ డాక్టరమ్మ ఎడ్లబండిలో పల్లెలకి వెళ్తే మందుల పెట్టె ఎవరు మోశారే? రోగిని పట్టుకున్నది ఎవరు? ఈ దొరలకి తెలుగు నేర్పిందెవరు?" నా దగ్గర జవాబు లేదు. ఆవిడ జవాబు కోసం అడగనూ లేదు, బజ్జీల బండి కనిపించింది. మిర్చి బజ్జీని మధ్యకి చీల్చి, ఉల్లిపాయ ముక్కలు కూరి నిమ్మకాయ పిండారు. ప్లేటు నలభై.

ఫిబ్రవరి 8, ఆదివారం, గుంటూరు

ఆరాధనలో పాస్టర్ గారు బైబిల్లో పౌలు ఉత్తరం, రోమా పత్రిక, పదహారో అధ్యాయం తీశారు. మామూలుగా ఎవరూ ప్రసంగం చెప్పని అధ్యాయం, అన్నీ పేర్లే. ఫీబే, ప్రిస్కిల్ల, అకుల, త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిస్... పౌలు ఒక్కొక్కళ్ళకీ వందనాలు చెబుతూ ఎవరు ఏం కష్టపడ్డారో కూడా రాస్తాడు. ఆ ఉత్తరాన్ని చేత్తో రాసిన తెర్తియు అనే ఆయన కూడా మధ్యలో తన వందనం తను చెప్పేసుకుంటాడు. పాస్టర్ గారు పెద్దగా వివరించలేదు. పేర్లు నెమ్మదిగా చదివి, "మన షెడ్డులో పనిచేసే పిల్లల పేర్లు మీలో ఎంతమందికి తెలుసు?" అని అడిగి కూర్చున్నారు. ముందు వరుసలో పెద్దమనుషులు మెడలు సవరించుకున్నారు.

తర్వాత శాలువాలు వచ్చాయి. ఇది నాకు నచ్చదు, రాయకుండా ఉండలేను. ఇరవై ఏళ్ళ పిల్లాడు శాలువా ఏం చేసుకుంటాడు? ఆ మెరుపు శాలువాలు సగం ఇళ్ళలో టీవీల మీద దుమ్ము కాస్తున్నాయి. కప్పేవాళ్ళు కెమెరా వైపు చూస్తారు, కప్పించుకునేవాడు ఎటు చూడాలో తెలియక నిలబడతాడు. ఆ డబ్బుతో వాళ్ళని కూర్చోబెట్టి ఒక పూట వడ్డిస్తే సరిపోయేది. ఎప్పుడూ వడ్డించే చేతులే కదా.

మధ్యాహ్నం షెడ్డులో పని మొదలైంది. అన్నం పలుకుగా వార్చి పెద్ద బేసిన్లలో ఆరబోశారు. పసుపు, నూనె వేసి కలిపే పని బీటెక్ చదివే ఒక పొడుగాటి తమ్ముడిది. మోచేతుల దాకా పసుపే. "రేపు ల్యాబ్‌లో ఈ చేతులు చూసి మా సార్ పెళ్ళిచూపులేమైనా అయ్యాయా అంటాడు ఆంటీ" అన్నాడు. చింతపండు పులుసు ఇంగువతో ఉడుకుతుంటే వీధిలో వెళ్ళేవాళ్ళు తొంగి చూశారు. పొట్లం కట్టడం మాకు నేర్పింది ఇంటర్ అమ్మాయి. కాగితం మీద అరటాకు ముక్క, దాని మీద ఒక గరిటె పులిహోర, పక్కన గుడ్డు. ముందు తన వైపు మడత, తర్వాత అవతలి వైపు మడత. రెండు కొసలూ కిందికి తిప్పి రబ్బరు బ్యాండు. గుడ్డు అడుగున ఉంటే నలుగుతుందట, అందుకని పొట్లం తిరగేసి పెట్టాలి. పిన్ని కట్టినవి రెండు ఊడిపోయాయి. ఆ అమ్మాయి ఏమీ అనకుండా మళ్ళీ కట్టి, పిన్నికి రబ్బరు బ్యాండ్లు అందించే పని అప్పజెప్పింది.

చేతులు పనిలో ఉన్నప్పుడే నోళ్ళు తెరుచుకుంటాయని పిన్నికి తెలుసు. నోట్‌బుక్ నా చేతికిచ్చి మొదలుపెట్టింది. "నీ కోసం ఏం ప్రార్థన చెయ్యమంటావు నాన్నా?" మొదట అందరూ ఒకటే పాట: "సేవ కోసం చెయ్యండి ఆంటీ", "సంఘం కోసం చెయ్యండి ఆంటీ."

"సేవ ఆయనది, ఆయన చూసుకుంటాడు. నీ సంగతి చెప్పు."

అప్పుడు వచ్చాయి. ఒకడికి మూడు బ్యాక్‌లాగులు, ఇంట్లో ఒకటేనని చెప్పాడు. ఒకమ్మాయికి డీఎస్సీ టెన్షన్. ఇంకొకమ్మాయికి రాత్రి ఎనిమిది దాటితే అన్నయ్య గుమ్మంలో నిలబడి ఉంటాడు, ఏమీ అనడు, చూస్తాడంతే. ఆ చూపు పోవాలని చెయ్యమంది. నాన్న తాగుడు మానాలని ముగ్గురు అడిగారు, ఒకరికొకరు తెలియకుండా, విడివిడిగా. అక్కకి నిద్ర కావాలి. పొట్లాలు మోసే తమ్ముడికి బండి స్టార్ట్ అవడం లేదు, సెకండ్ హ్యాండ్ బండి, వారం వారం నెట్టుకుంటూ వెళ్తున్నాడు. స్నేహితుడితో వచ్చే ఒక హిందూ అబ్బాయి చివరిదాకా చూసి, "నాకూ చేస్తారా ఆంటీ?" అన్నాడు. వాళ్ళమ్మకి షుగరు. పిన్ని అతని పేరు అందరికంటే పైన రాయించింది. పేర్లు ఇక్కడ వెయ్యడం లేదు, వాళ్ళు మాకు చెప్పుకున్నవి మీకు చెప్పుకున్నవి కావు.

ఆరింటికి పెద్దాసుపత్రి దగ్గరికి చేరాం. పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి వచ్చినవాళ్ళు దుప్పట్లు పరుచుకుని ఉన్నారు. వీళ్ళకి కొన్ని పద్ధతులున్నాయి. నిలబడి పైనుంచి ఇవ్వకూడదు, వంగి ఇవ్వాలి. జబ్బేమిటని అడగకూడదు. ఫోటో తియ్యకూడదు. పొట్లంలో కరపత్రం పెట్టకూడదు. ఈ చివరిది పిన్నికి మింగుడు పడలేదు. "ఒక్క కాగితమైనా పెట్టరా?" అని అక్కని అడిగింది. "ఆకలి మీద ఉన్నవాళ్ళకి అన్నం ఇచ్చి, ఇది చదవమంటే బావుండదు ఆంటీ. ఎవరన్నా అడిగితే చెబుతాం" అందామె. అడిగారు కూడా. మాచర్ల నుంచి వచ్చిన ముసలాయన పొట్లం తీసుకుని, "ఏ పార్టీ బాబూ?" అన్నాడు. పార్టీ కాదు తాతా, గుడి అంటే, నమ్మకం కుదరక ఇంకోసారి అడిగాడు. పక్కనే పొట్లం అందుకున్న ఒక ముస్లిం ఆవిడ తను తినకుండా లేచి మాతోపాటు లోపలి వరసకి వచ్చి, "అదిగో ఆ మూల పిల్లతల్లి ఉంది, ఆమెకివ్వండి" అని చూపిస్తూ తిరిగింది. ఇరవై నిమిషాల్లో అన్నీ అయిపోయాయి. చివర్లో ఖాళీ అట్టపెట్టెల దగ్గర గుండ్రంగా నిలబడి ప్రార్థన చేసుకున్నాం. పిన్ని ప్రార్థన పొడుగని మా సంఘంలో పేరు. ఆ రోజు పొట్టిగా చేసింది, పేర్లు మాత్రం ఒక్కటీ వదల్లేదు. బ్యాక్‌లాగుల సంగతి వచ్చినప్పుడు ఎవరో కిసుక్కున నవ్వారు.

ఫిబ్రవరి 9, సోమవారం, విజయవాడ

బస్సులో ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ కొట్టి ఇచ్చాడు. మంగళగిరి దాటి వారధి ఎక్కేదాకా పిన్ని ఆ టికెట్‌ని తిప్పి తిప్పి చూసింది. గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్లో ఇడ్లీ మీద వెన్న కరుగుతుంటే తిన్నాం. మిగిలిన ఊరంతా మారినా ఆ ఇడ్లీ మెత్తదనం మారలేదని పక్క బల్ల ఆయన మాతో వాదించి మరీ ఒప్పించాడు, మేం కాదన్నదే లేదు.

సింగ్ నగర్ వెళ్ళడానికి ఆటోకి నూట ఇరవై. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరుకి గండ్లు పడి ఈ పేటలన్నీ మునిగాయి. కొల్లేరుకి పోవాల్సిన నీళ్ళు ఇళ్ళలో కూర్చున్నాయి. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది, అంత వరద అక్కడ అంతకుముందు నమోదు కాలేదు. మేం వెళ్ళిన చిన్న ప్రార్థన మందిరం గోడ మీద నీటి చార ఇంకా ఉంది, నా భుజం దాటి. సున్నం వేసినా పైకి తేలుతోందట.

ఆ మందిరం యూత్ కుర్రాళ్ళు అప్పుడు పాల ప్యాకెట్లు, నీళ్ళ సీసాలు నెత్తిన పెట్టుకుని నడుం లోతు నీళ్ళలో తిరిగారు. వీళ్ళ ఇళ్ళూ మునిగాయి. ఎలక్ట్రీషియన్ పని చేసే ఒకతను చెప్పాడు: "మేడ మీద ఉన్న ముసలమ్మకి పాలు అందించి వస్తుంటే మా అమ్మ పక్క డాబా మీంచి అరిచింది, ఒరేయ్, మన ఇంటికి ఎవరిస్తారురా అని." నీళ్ళు తీశాక బురద ఎత్తే రోజుల్లో టీవీలవాళ్ళు లేరు, వీళ్ళున్నారు. కాళ్ళకి పుండ్లు, జ్వరాలు. ఒకతనికి మోటారు మెకానిక్ షాపులో ఉన్న పని పోయింది, ఎన్నాళ్ళని రాకుండా ఉంటావని. ఇప్పుడు ఏం ప్రార్థించాలని అడిగితే, "వాన పడితే భయం వేస్తోందండీ, అది పోవాలి" అన్నాడు ఆ ఎలక్ట్రీషియన్. అంత పెద్ద మగవాడు ఆ మాట అనడానికి చాలాసేపు పట్టింది.

వాళ్ళ అమ్మే మాకు భోజనం పెట్టింది. ఉలవచారు, మీగడ, వంకాయ కూర. ఇంటి వంటగదిలో కొత్త గ్రైండరు చూపించి, "పాతది బుడమేరు పట్టుకుపోయింది" అని, పట్టుకుపోయిన చుట్టం గురించి చెప్పినట్టు చెప్పింది.

సాయంత్రం స్టేషన్ బయట టీ బడ్డీ దగ్గర డిగ్రీ చదివే ఇద్దరు పిల్లల్ని కలిశాం. ఇల్లు వదిలి రైలెక్కి వచ్చేసే పిల్లల కోసం వీళ్ళు ప్లాట్‌ఫాంల మీద తిరుగుతారు. బెజవాడలో ఈ పనికి పాత పేరు నవజీవన్ బాలభవన్, సలేషియన్ ఫాదర్లు 1989లో మొదలుపెట్టారు. వాళ్ళ గురువు డాన్ బాస్కో 1841లో ట్యూరిన్ వీధుల్లో దిక్కులేని కుర్రాళ్ళని పోగేసినవాడు. ఈ ఇద్దరూ వేరే చిన్న కేంద్రం తరఫున చేస్తున్నారు. లోపలికి తీసుకెళ్ళి పిల్లల్ని చూపించమని అడిగితే కుదరదన్నారు, మర్యాదగానే, గట్టిగా. మంచిదే అనిపించింది, ఆ బిడ్డలు చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం లేరు.

"ముందు పేరు అడగం అక్కా, అబద్ధం చెబుతారు. ఊరు అడగం, భయపడతారు. పక్కన కూర్చుని 'తిన్నావా?' అంటాం. ఇడ్లీ తినేటప్పుడు వాడే చెబుతాడు" అన్నాడు ఒకడు. తర్వాత పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను, రైల్వే పోలీసులు, బాలల సంక్షేమ కమిటీ, కాగితాలు. అవన్నీ అతను వేళ్ళ మీద లెక్కపెట్టాడు. రెండోవాడు ఎక్కువ మాట్లాడలేదు. విన్నపం అడిగితే, పోయిన నెల తన చేతిలోంచి పరుగెత్తి రైలెక్కేసిన ఒక బాబు గురించి చెప్పాడు. నీలం చొక్కా, ఎడమ చెప్పు లేదు. "ఎక్కడున్నా తిని ఉండాలి" అన్నాడు. అదే రాసుకున్నాను. టీలకి ముప్పై రూపాయలు వాళ్ళే ఇచ్చేశారు, పిన్ని ఎంత పోట్లాడినా.

ఫిబ్రవరి 10, మంగళవారం, గుణదల

మేరీమాత ఉత్సవాలు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో. 1924లో ఫాదర్ అర్లాటి ఈ కొండ మీద మాత స్వరూపాన్ని పెట్టారు, లూర్దు మాత పండుగ నాటికి ఇప్పుడు లక్షల్లో వస్తారు. తలనీలాలు, కొబ్బరికాయలు, కొవ్వొత్తులు, అన్ని మతాలవాళ్ళూ. ఇది క్యాథలిక్కుల పుణ్యక్షేత్రం. మేం ప్రొటెస్టెంట్లలో లూథరన్లం, మాకిది అలవాటు లేని భక్తి. "నేను కొండెక్కను, కింద కూర్చుంటాను" అని పిన్ని ముందే ప్రకటించింది. మోకాళ్ళ వంక కూడా కలిసొచ్చింది. జీళ్ళు, ఖర్జూరం కొనుక్కుని నీళ్ళ పందిరి పక్కన స్థలం చూసుకుంది.

నేను కొంత దూరం మెట్లెక్కి వచ్చేసరికి ఆవిడ ఒక వాలంటీరు కుర్రాడిని పట్టేసింది. మెడలో ఐడీ కార్డు, చేతిలో తాడు, గొంతు పూర్తిగా పోయింది. ముందురోజు నుంచీ మనుషుల్ని వరుసలో నడిపిస్తున్నాడట. నడవలేని వాళ్ళని కొండెక్కించేవాళ్ళు, తప్పిపోయిన పిల్లల్ని మైకు దగ్గరికి తెచ్చేవాళ్ళు, నీళ్ళు పోసేవాళ్ళు, అందరూ ఆ వయసు వాళ్ళే. పిన్ని అతనికి జీళ్ళు పెట్టి, నాకు బాగా తెలిసిన ప్రశ్న అడిగింది. "గొంతు ఆంటీ. రేపే అసలు జనం" అన్నాడు సైగలతో కలిపి. ఆవిడ అక్కడికక్కడే అతని తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. అతను ఒక కన్నే మూశాడు. రెండో కంటితో జనాన్ని చూస్తూ, ప్రార్థన మధ్యలో "కుడివైపు, కుడివైపు" అని తాడు ఊపుతూనే ఉన్నాడు. ఆమెన్ మాత్రం గట్టిగా చెప్పాడు, ఉన్నంత గొంతుతో.

"క్యాథలిక్ బిడ్డకి నువ్వు ప్రార్థన చేశావేంటి పిన్నీ" అని ఏడిపిస్తే, "గొంతుకి శాఖలుంటాయా?" అంది.

రాజమండ్రి, తర్వాతి బుధవారం

ఖర్చు లెక్క సమాజానికి అప్పజెప్పాం. పెళ్ళి భోజనం పుణ్యాన, సున్నా టికెట్ పుణ్యాన అనుకున్నదాని కంటే తక్కువే అయింది. శాలువాల గురించి నా అభిప్రాయం చెబితే కొందరికి కోపం వచ్చింది, వచ్చే క్రిస్మస్‌కి మా గుడిలోనూ శాలువాల పద్దు తీసెయ్యాలా వద్దా అన్నది తేలలేదు. గుంటూరుకి ఒక పెద్ద గుండిగ కొనివ్వడానికి మాత్రం ఒప్పుకున్నారు.

తర్వాత నోట్‌బుక్ తీసి విన్నపాలు చదివాను. బ్యాక్‌లాగులు, గుమ్మంలో అన్నయ్య, నీలం చొక్కా బాబు, వాన భయం. అందరూ తలలు వంచుకుని విన్నారు. బండి దగ్గరికి వచ్చేసరికి వెనక వరుసలో ఒకావిడ, "సెల్ఫ్ స్టార్టర్ కోసం కూడా ప్రార్థనేంటండీ?" అని నవ్వింది.

"నూట ఇరవై పొట్లాలు మోసేది అదే కదమ్మా" అంది పిన్ని.

ప్రార్థన అయింది. ఇంటికెళ్తూ ఆ తమ్ముడికి ఫోన్ చేసి మెకానిక్ ఎంత అడిగాడో కనుక్కోమంది. పద్దెనిమిది వందలట. పింఛను డబ్బుల్లోంచి పంపించి, రసీదు అడగమని నాకు చెప్పింది.